యుద్ధం నోట పడ్డ ఊళ్లు – 5: ఉక్కు గోలీల ఊరు

కిందటి భాగంలో కోవెంట్రీ కథ చెప్పుకున్నాం. 1940 నవంబరు 14 రాత్రి జర్మన్ విమానాలు ఆ ఇంగ్లీషు ఊరిని తగలబెట్టాయి. ఐదు వందల మందికి పైగా చనిపోయారు. ఈసారి అవతలి పక్షానికి వెళ్దాం. కోవెంట్రీలాగే ఇదీ సైకిళ్లతో పైకొచ్చిన ఊరే. కోవెంట్రీకి పట్టిన గతే దీనికీ పట్టింది. తిండి పెట్టిన పనే ప్రాణం మీదికి తెచ్చింది.

ఊరి పేరు ష్వైన్‌ఫుర్ట్. జర్మనీలో బవేరియా ఉత్తర భాగాన, మైన్ నది ఒడ్డున ఉంది. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యే నాటికి జనాభా యాభై వేలకు అటూ ఇటూ. అప్పటి మన రాజమండ్రి కంటే చిన్నది. అంత చిన్న ఊరి మీద 1943 ఆగస్టు నుంచి 1945 ఏప్రిల్ దాకా అమెరికా, బ్రిటన్ విమానాలు ఇరవైసార్లకు పైగా బాంబులు కురిపించాయి. ఒక్క ఊరి కోసం, అదీ రెండే రెండు దాడుల్లో, అమెరికా పోగొట్టుకున్న విమానాలెన్నో, మనుషులెందరో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఆ ఊళ్లో ఏముందని? బాల్ బేరింగులు ఉన్నాయి.

యుద్ధంలోకి వెళ్లేముందు ఊరిని కాస్త చూడాలి. ష్వైన్‌ఫుర్ట్ శతాబ్దాల పాటు ఏ రాజుకూ లొంగని స్వతంత్ర నగరం. నేరుగా చక్రవర్తికే జవాబుదారీ. 1802లో ఆ హోదా పోయి బవేరియాలో కలిసింది. 1554లోనే ఒకసారి యుద్ధంలో పూర్తిగా కాలిపోయి మళ్లీ లేచిన ఊరు ఇది. 1652లో నలుగురు వైద్యులు ఇక్కడే ఒక విజ్ఞాన పరిషత్తు పెట్టారు. లియోపోల్డినా అన్న పేరుతో అది ఈనాటికీ నడుస్తోంది. జర్మనీ జాతీయ సైన్స్ అకాడమీ అదే.

మనవాళ్లు తెలుసుకోవలసిన పేరు ఇంకొకటి ఉంది. ఫ్రీడ్రిష్ ర్యూకెర్ట్. 1788లో ఇక్కడే పుట్టాడు. కవి, బహుభాషావేత్త, సంస్కృతం నేర్చినవాడు. మహాభారతంలోని నలదమయంతుల కథను 1828లో జర్మన్ పద్యాల్లోకి తెచ్చాడు. తర్వాత జయదేవుడి గీతగోవిందాన్నీ తెచ్చాడు. శ్రీనాథుడి శృంగార నైషధం చదివి పెరిగిన మనకు ఆ కథ ఎంత దగ్గరిదో చెప్పక్కర్లేదు. ఆ ఊరి నడిబొడ్డున, మార్కెట్ చౌరస్తాలో నిలబెట్టిన విగ్రహం ఏ సేనాపతిదో రాజుదో కాదు, ఈ కవిది. 1890లో పెట్టారు.

ఇక పరిశ్రమ. ముందు వచ్చింది రంగు. 1814 ప్రాంతంలో రాగి, ఆర్సెనిక్ కలిపి ఇక్కడ ఒక పచ్చరంగు తయారుచేశారు. ష్వైన్‌ఫుర్ట్ పచ్చ అని యూరప్ అంతా కొనుక్కుని గోడల కాగితాలకూ బట్టలకూ వేసుకుంది. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉండే ఆ రంగు అసలు విషం. తర్వాత దాన్ని పురుగులమందుగా వాడారు.

ఆ తర్వాత వచ్చింది సైకిలు. ఫిలిప్ మోరిట్జ్ ఫిషర్ అనే వాద్యాల మేస్త్రి చర్చిల్లో వాయించే ఆర్గన్లు తయారుచేసి బతికేవాడు. 1853 ప్రాంతంలో అతను ముందు చక్రానికి పెడళ్లు బిగించిన బండి తయారుచేసుకున్నాడని ఆ ఊరివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. అతని కొడుకు ఫ్రీడ్రిష్ ఫిషర్ సైకిలు తొక్కడం తేలిక కావాలంటే ఏం చెయ్యాలా అని ఆలోచించాడు. సమస్యంతా ఇరుసులో తిరిగే గోలీ దగ్గరే ఉంది.

సైకిల్ షాపులో కుర్రాడు ఇరుసు విప్పి, పాత సత్తు పళ్లెంలో కిరసనాయిలు పోసి, నల్లటి గ్రీజు పట్టిన గోలీల్ని కడగడం మనలో చాలామందిమి చూశాం. అందులో ఒక్క గోలీ పగిలినా, అరిగినా చక్రం కటకటమంటుంది. బరువంతా మిగతావాటి మీద పడి అవీ పోతాయి. అంటే గోలీ గుండ్రంగా ఉంటే సరిపోదు, పక్కనున్న గోలీతో వెంట్రుకవాసి తేడా లేకుండా సమానంగా ఉండాలి. అదీ లక్షల సంఖ్యలో కావాలి. పాతరోజుల్లో ఒక్కోదాన్నీ తిప్పి చెక్కేవారు. ఏ రెండూ ఒకలా వచ్చేవి కావు. 1883లో ఫ్రీడ్రిష్ ఫిషర్ గట్టిపడిన ఉక్కు గోలీలను ఒకేసారి గుట్టలుగా సానబెట్టి, కచ్చితమైన గుండ్రానికీ, ఒకే కొలతకూ తెచ్చే యంత్రం కనిపెట్టాడు. ప్రపంచంలో గోలీల బేరింగు పరిశ్రమ నిలదొక్కుకుంది ఆ యంత్రం మీదే.

పని జరిగే తీరు ఇది. ఉక్కు తీగను ముక్కలు చేసి రెండు అచ్చుల మధ్య పెట్టి గట్టిగా నొక్కుతారు. నడుం చుట్టూ అంచు మిగిలిన గుండు వస్తుంది. గాడులున్న రెండు పళ్లేల మధ్య దొర్లించి ఆ అంచు తీసేస్తారు. కొలిమిలో ఎర్రగా కాల్చి నూనెలో ముంచుతారు. అప్పుడు ఉక్కు గట్టిపడుతుంది. ఆ తర్వాత సాన, ఆపైన మెరుగు. గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి సాగుతుంది. షెడ్డు నిండా యంత్రాలు, యంత్రాల నిండా నూనె. ఈ నూనె సంగతి గుర్తుంచుకోండి, ముందు అవసరం పడుతుంది.

ఫిషర్ 1899లో చనిపోయాడు. 1909లో గెయోర్గ్ షేఫర్ అనే వ్యాపారి ఆ కంపెనీని కొన్నాడు. అదే కూగెల్‌ఫిషర్, ఎఫ్ఏజీ అన్న మార్కుతో అందరికీ తెలిసింది. ఈలోగా 1895లో ఎర్న్‌స్ట్ జాక్స్ అనే యువ మెకానిక్, కార్ల్ ఫిఖ్టెల్ అనే వ్యాపారి కలిసి ఇంకో కంపెనీ పెట్టారు. వాళ్లు 1903లో తెచ్చిన టార్పెడో హబ్బు, అంటే పెడల్ వెనక్కి తొక్కితే బ్రేకు పడే ఇరుసు, కోట్లలో అమ్ముడైంది. 1929లో జాక్స్ తన బేరింగుల విభాగాన్ని స్వీడన్ కంపెనీ ఎస్‌కేఎఫ్‌కు అమ్మేశాడు. అలా ఊళ్లో కొన్ని బేరింగులు జర్మన్ యజమాని కింద, మిగతావి స్వీడన్ పెట్టుబడి కింద తయారయ్యే పరిస్థితి వచ్చింది. అదే ఎస్‌కేఎఫ్‌కు ఇంగ్లండులోని లూటన్‌లోనూ అమెరికాలోని ఫిలడెల్ఫియాలోనూ ఫ్యాక్టరీలుండేవి. యుద్ధం వచ్చాక ఈ కంపెనీ బేరింగులు రెండు పక్షాల యంత్రాల్లోనూ తిరిగాయి.

ఊరు అమాయకమైందని నేను అనను. 1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాక ఆయుధాల ఆర్డర్లు వరదలా వచ్చాయి. ఫ్యాక్టరీలు పెరిగాయి, జీతాలు పెరిగాయి. ఎర్న్‌స్ట్ కొడుకు విల్లీ జాక్స్ నాజీల ఎస్ఎస్ దళంలో అధికారి హోదా పొందాడు. నాజీ పెద్దలు గోరింగ్, హిమ్లర్‌లతో తిరిగాడు. 1936లో ఊరికి స్టేడియం కట్టించి తన పేరు పెట్టించుకున్నాడు. ఆ పేరులోంచి విల్లీ అన్న మాట తీసెయ్యడానికి 2021 దాకా పట్టింది. 1938 నవంబరులో ఊళ్లోని యూదుల ప్రార్థనా మందిరాన్ని ధ్వంసం చేశారు. మిగిలిన యూదులను 1942లో తూర్పుకు తరలించారు. వాళ్లలో చాలామంది తిరిగిరాలేదు. బాంబులు పడకముందే ఆ ఊళ్లో ఒక భాగం చచ్చిపోయింది. ఈ ముక్క చెప్పకుండా బాంబుల కథ చెప్పడం అన్యాయం.

వేటకు ఎన్నుకున్న గోలీ

1930లలో అమెరికాలో వైమానిక సైనికాధికారులకు పాఠాలు చెప్పే బడిలో ఒక సిద్ధాంతం పుట్టింది. ఆధునిక పరిశ్రమ అంతా ఒకదానికొకటి ముడిపడి ఉంటుంది. అన్నిటినీ కొట్టనక్కర్లేదు. ఏ ముడి తెగితే మిగతావన్నీ ఆగిపోతాయో ఆ ముడి వెతికి పట్టుకోవాలి. పట్టపగలు, గురిచూసి, దాన్ని కొట్టాలి. జనాన్ని చంపనక్కర్లేదు, యుద్ధం ముగిసిపోతుంది. వినడానికి మానవత్వం కూడా ఉన్న సిద్ధాంతమే.

ముడి ఎక్కడుందని లెక్కలు తీస్తే బాల్ బేరింగు దగ్గర తేలింది. విమానం, ట్యాంకు, జలాంతర్గామి, ఫిరంగి తిప్పే చట్రం, అన్నిట్లోనూ అవే. ఒక్క జర్మన్ విమాన పరిశ్రమే నెలకు ఇరవై లక్షలకు పైగా బేరింగులు వాడేది. జర్మనీ బేరింగుల్లో దాదాపు సగం ఒక్క ష్వైన్‌ఫుర్ట్‌లోనే తయారవుతున్నాయి. అవీ రైల్వే స్టేషను చుట్టూ పక్కపక్కనే ఉన్న కొన్ని ఫ్యాక్టరీల్లో. ఇంతకంటే చక్కని గురి ఏముంటుంది అనుకున్నారు.

బ్రిటిష్ బాంబర్ల అధిపతి ఆర్థర్ హ్యారిస్‌కు ఈ మాట నచ్చలేదు. ఒక్క మాత్రతో రోగం కుదురుతుందనే వైద్యం మీద ఆయనకు నమ్మకం లేదు. ఆయన పద్ధతి రాత్రిపూట ఊళ్లకు ఊళ్లు తగలబెట్టడం. హాంబుర్గ్‌ను 1943 జులైలో అలాగే తగలబెట్టాడు. ముప్ఫై వేల మందికి పైగా చనిపోయారు. అమెరికన్లు ఒంటరిగానే ష్వైన్‌ఫుర్ట్ బాట పట్టారు.

1943 ఆగస్టు 17, మంగళవారం. పథకం ప్రకారం రెండు దండ్లు బయల్దేరాలి. కర్టిస్ లీమే నాయకత్వంలో 146 బి-17 బాంబర్లు రేగెన్స్‌బుర్గ్‌లోని మెసర్‌ష్మిట్ విమానాల ఫ్యాక్టరీని కొట్టి, వెనక్కి రాకుండా ఆల్ప్స్ పర్వతాలు దాటి ఉత్తర ఆఫ్రికాలో దిగాలి. వాళ్ల వెంటనే రాబర్ట్ విలియమ్స్ నాయకత్వంలో 230 బాంబర్లు ష్వైన్‌ఫుర్ట్ వెళ్లాలి. జర్మన్ ఫైటర్లు మొదటి దండుతో పోరాడుతుంటే రెండోది సులువుగా దూరుతుందని ఎత్తు.

తెల్లారేసరికి ఇంగ్లండు అంతా మంచు. కళ్లు కనపడకుండా కేవలం పరికరాలు చూస్తూ గాల్లోకి లేవడం లీమే తన మనుషులకు ముందే నేర్పించి ఉన్నాడు. అందువల్ల ఆయన దండు వెళ్లిపోయింది. రెండోది మంచు విడిచేదాకా ఆగింది. మూడున్నర గంటల తేడా వచ్చింది. ఎత్తు చిత్తయింది. లీమే దండును వేటాడిన జర్మన్ ఫైటర్లు కిందికి దిగి, పెట్రోలు పోసుకుని, తూటాలు నింపుకుని, పైలట్లు ఇంత తిని, రెండో దండు కోసం సిద్ధంగా కూర్చున్నారు. అమెరికన్ల రక్షక విమానాలకు జర్మనీ సరిహద్దు దాకానే ఇంధనం సరిపోయేది. అవి అక్కడ వెనక్కి తిరిగాయి.

ఆ రోజు మొత్తం అరవై బాంబర్లు కూలాయి. రేగెన్స్‌బుర్గ్ దండులో 24, ష్వైన్‌ఫుర్ట్ దండులో 36. ఒక్కో విమానంలో పదిమంది. చాలామంది ఇరవై, ఇరవై రెండేళ్లవాళ్లు. కింద ఊళ్లో సుమారు రెండు వందల మంది చనిపోయారు. ఫ్యాక్టరీల మీదే పడాల్సిన బాంబులు ఇళ్ల మీదా పడ్డాయి. నాలుగు మైళ్ల ఎత్తు నుంచి పొగ మధ్యలో గురి చూడటమంటే అంతే. జర్మనీ ఆయుధాల మంత్రి ఆల్బర్ట్ స్పీర్ లెక్క ప్రకారం బేరింగుల ఉత్పత్తి 38 శాతం పడిపోయింది.

వెంటనే మళ్లీ కొట్టి ఉంటే సిద్ధాంతం నెగ్గేదేమో. కొట్టడానికి విమానాలు లేవు. మళ్లీ రావడానికి రెండు నెలలు పట్టింది.

నల్ల గురువారం

అక్టోబరు 14 గురువారం. 291 బాంబర్లు బయల్దేరాయి. అప్పటికే ఆ వారంలో బ్రేమెన్, మ్యూన్స్‌టర్ వంటి ఊళ్ల మీద దాడుల్లో అమెరికా ఎనభైకి పైగా బాంబర్లు పోగొట్టుకుంది. ఉదయం లక్ష్యం పేరు చదవగానే గదుల్లో పైలట్ల మొహాలు పాలిపోయాయని బతికినవాళ్లు తర్వాత రాసుకున్నారు. ఆగస్టు దాడి ఎవరూ మరిచిపోలేదు.

రక్షక విమానాలు వెనుదిరిగిన మరుక్షణం దాడి మొదలైంది. ఈసారి జర్మన్లు కొత్త పద్ధతి పట్టారు. రెండు ఇంజన్ల విమానాలు మరతుపాకుల గుళ్లు అందనంత దూరంలో నిలబడి రాకెట్లు వదిలాయి. బాంబర్ల వరస చెదిరింది. చెదిరినవాటి మీద ఒంటి ఇంజన్ ఫైటర్లు పడ్డాయి. పైన చలి సున్నాకు దిగువన నలభై డిగ్రీలు. చేతికి తొడుగు లేకుండా తుపాకి ముట్టుకుంటే చర్మం ఇనుముకు అతుక్కుపోతుంది. 305వ బాంబర్ గ్రూపు నుంచి వెళ్లినవాటిలో 13 కూలిపోయాయి. రెండు మాత్రమే తమ స్థావరానికి చేరాయి.

229 బాంబర్లు ఊరి మీదికి చేరి బాంబులు వేశాయి. ఈసారి గురి కుదిరింది. మళ్లీ అరవై విమానాలు శత్రువుల ఆకాశంలోనే పోయాయి. ఇంకొన్ని ఇంగ్లండు చేరి కూలాయి, మరికొన్ని పనికిరాకుండా పోయాయి. బయల్దేరిన సుమారు 2,900 మందిలో ఆరు వందల మందికి పైగా తిరిగిరాలేదు. అమెరికా వైమానిక చరిత్రలో ఈ రోజుకు నల్ల గురువారం అన్న పేరు నిలిచిపోయింది.

కింద ఏం జరిగిందో తెలుసుకోడానికి స్పీర్ పడ్డ పాట్లు ఆయన జ్ఞాపకాల పుస్తకంలో ఉన్నాయి. ఆ సమయానికి ఆయన తూర్పు ప్రష్యాలో హిట్లర్ దగ్గర ఉన్నాడు. ఫోన్ చేస్తే ఫ్యాక్టరీలు పలకలేదు. చివరికి పోలీసుల సాయంతో ఒక ఫ్యాక్టరీ మేస్త్రీ దొరికాడు. ఆ మేస్త్రీ చెప్పిన సంగతి ఇది: బాంబుల కంటే నూనె ఎక్కువ నష్టం చేసింది. ఉక్కును చల్లార్చే తొట్లు, యంత్రాల కింద పేరుకున్న నూనె అంటుకుని షెడ్లకు షెడ్లు కాలిపోయాయి. స్పీర్ చెప్పిన ప్రకారం ఈసారి ఉత్పత్తి 67 శాతం పడిపోయింది.

ఇక జర్మనీ యంత్రాలు ఆగిపోవాలి. ఆగలేదు.

ఎందుకు ఆగలేదన్నదే ఈ కథలో గుండెకాయ. స్పీర్ ఫిలిప్ కెస్లర్ అనే అధికారిని బేరింగులకు ప్రత్యేక బాధ్యుడిగా పెట్టాడు. ఆయన మనుషులు దేశమంతా తిరిగి గిడ్డంగులు తెరిపించారు. ప్రతి ఆయుధ కంపెనీ రేపు దొరకవేమోనన్న భయంతో నెలల తరబడికి సరిపడా బేరింగులు దాచుకుని ఉంది. ఇంజనీర్లు కూర్చుని నమూనాలు మార్చారు. గోలీల బేరింగు తప్పనిసరి కాని చోటల్లా మామూలు బుష్ బేరింగు పెట్టారు. ఇన్నాళ్లూ అలవాటు కొద్దీ పెడుతూ వచ్చినవే చాలా ఉన్నాయని తేలింది. స్వీడన్ నుంచీ స్విట్జర్లండ్ నుంచీ సరుకు వస్తూనే ఉంది. ఇక షెడ్ల పైకప్పులు కూలాయి కానీ కింద బరువైన యంత్రాలు చాలావరకు బతికాయి. శిథిలాలు తవ్వి, తుడిచి, నూనె రాసి మళ్లీ తిప్పారు. కొన్నిటిని చుట్టుపక్కల ఊళ్లకు తరలించారు.

తవ్వింది ఎవరు? తుడిచింది ఎవరు? వీళ్ల గురించి చాలా పుస్తకాలు ఒక్క వాక్యంలో ముగించేస్తాయి. పోలండ్ నుంచి, సోవియట్ యూనియన్ నుంచి, ఫ్రాన్స్ నుంచి, ఇటలీ నుంచి పట్టుకొచ్చిన బలవంతపు కూలీలు. వేలమంది. ఫ్యాక్టరీల పక్కనే చెక్క బారకాసుల్లో ఉండేవారు. తూర్పు దేశాల వాళ్లయితే బట్టల మీద గుర్తు కుట్టుకోవాలి. జర్మన్ పౌరుల కోసం కట్టిన బంకర్లలోకి వాళ్లను రానిచ్చేవారు కాదు. సైరన్ మోగితే తవ్విన కందకంలో తల దాచుకోవాలి. ఎవరిని విడిపించడానికి విమానాలు వస్తున్నాయో వాళ్ల మీదే ముందు బాంబులు పడ్డాయి. గురి పెట్టింది ఫ్యాక్టరీకి, వాళ్ల నివాసం ఫ్యాక్టరీ గోడకు ఆనుకుని.

తుపాకుల దగ్గర కూడా పెద్దవాళ్లు చాలడం లేదు. 1943 ఫిబ్రవరి నుంచి జర్మనీ అంతటా హైస్కూలు పిల్లల్ని విమాన విధ్వంసక ఫిరంగుల మీదికి తీసుకున్నారు. ష్వైన్‌ఫుర్ట్ చుట్టూ కూడా పదిహేను, పదహారేళ్ల కుర్రాళ్లు ఫిరంగుల్లో గుళ్లు నింపారు. పైనున్నది ఇరవై ఏళ్లవాడు, కింద పదహారేళ్లవాడు. నిర్ణయాలు తీసుకున్నవాళ్లు ఆ దరిదాపుల్లో లేరు.

సముద్రం మీదా గోలీల కోసమే

ష్వైన్‌ఫుర్ట్ కూలుతున్న రోజుల్లోనే స్వీడన్ బేరింగుల కోసం రెండు పక్షాలూ పోటీ పడ్డాయి. బ్రిటన్‌కూ అవి కావాలి. మధ్యలో సముద్రం జర్మనీ పహారాలో ఉంది. 1943 అక్టోబరు నుంచి మరుసటి మార్చి దాకా ఐదు చిన్న వేగపు పడవలు చలికాలపు చీకట్లో స్వీడన్‌లోని లీసెకిల్ రేవుకు వెళ్లి బేరింగులు నింపుకొచ్చాయి. ఒకటి జర్మన్లకు చిక్కింది. అవసరం మరీ ముంచుకొస్తే మస్కిటో విమానాలు స్టాక్‌హోమ్ వెళ్లేవి. వాటి బాంబుల అరలో మనుషుల్నీ తెచ్చేవారు. అణుశాస్త్రజ్ఞుడు నీల్స్ బోర్ 1943 అక్టోబరులో స్వీడన్ నుంచి బ్రిటన్‌కు అలాంటి అరలోనే పడుకుని వచ్చాడు. చివరికి మిత్రపక్షం డబ్బూ బెదిరింపూ రెండూ వాడి, 1944 వేసవిలో జర్మనీకి అమ్మకాలు తగ్గించేలా ఎస్‌కేఎఫ్‌ను ఒప్పించింది.

నల్ల గురువారం తర్వాత నాలుగు నెలలు అమెరికన్లు జర్మనీ లోపలికి రక్షణ లేకుండా వెళ్లలేదు. దూరం ఎగరగల మస్టాంగ్ ఫైటర్లు వచ్చాక 1944 ఫిబ్రవరి 24న మళ్లీ ష్వైన్‌ఫుర్ట్ మీదికి వచ్చారు. హ్యారిస్‌కు కూడా పైనుంచి ఆజ్ఞ వచ్చింది. పగలు అమెరికన్లు పెట్టిన మంటల వెలుగులో ఆ రాత్రి ఏడు వందలకు పైగా బ్రిటిష్ బాంబర్లు వచ్చాయి. చాలా బాంబులు ఊరి బయట పడ్డాయి. అప్పటికి యంత్రాల్లో కొంత భాగం ఊరు దాటిపోయింది కూడా.

ఏప్రిల్ 26 రాత్రి 206 లాంకాస్టర్ బాంబర్లు వచ్చాయి. 21 కూలాయి. వాటిలో ఒకదానిలో నార్మన్ జాక్సన్ అనే ఫ్లైట్ ఇంజనీర్ ఉన్నాడు. బాబు పుట్టాడన్న కబురు ఆ సాయంత్రమే అందింది. బాంబులు వేసి తిరిగి వస్తుంటే జర్మన్ ఫైటర్ కొట్టిన దెబ్బకు రెక్క మీద, పెట్రోలు ట్యాంకు పక్కన, మంట లేచింది. జాక్సన్ మంటలార్పే డబ్బా చొక్కాలో దోపుకుని, పైకప్పు తలుపు తెరిచి, ఇరవై వేల అడుగుల ఎత్తున, గంటకు రెండు వందల మైళ్ల గాలిలో విమానం వీపు మీదికి పాకాడు. లోపల తెరుచుకుపోయిన అతని పారాచూట్ తాళ్లను తోటివాళ్లు పట్టుకున్నారు. జారి రెక్క మీద పడ్డాడు. మంట ఆరలేదు, చేతులూ మొహమూ కాలాయి. కాలి చిల్లులు పడ్డ పారాచూట్‌తో కిందికి వచ్చి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. తెల్లారాక మోకాళ్ల మీదా మోచేతుల మీదా పాక్కుంటూ దగ్గరి ఇంటి తలుపు తట్టాడు. యుద్ధఖైదీగా బతికి ఇంటికి చేరాడు. బ్రిటన్ అతనికి విక్టోరియా క్రాస్ ఇచ్చింది. పైలట్, తోక తుపాకి మనిషి బతకలేదు. ఆ రాత్రి దాడి గురి తప్పింది.

1945 ఏప్రిల్ 11న అమెరికా 42వ డివిజన్ సైనికులు ఊళ్లోకి నడిచి వచ్చారు. ఇళ్లలో సగానికి దగ్గరగా కూలిపోయాయి. వెయ్యి మందికి పైగా పౌరులు ఈ దాడుల్లో చనిపోయారు. కవి ర్యూకెర్ట్ విగ్రహం మాత్రం నిలబడే ఉంది.

లెక్క తేల్చినవాళ్లు

యుద్ధం ముగియగానే అమెరికా ప్రభుత్వం బాంబుదాడుల ఫలితం మీద పెద్ద సర్వే చేయించింది. ఆర్థిక ప్రభావాలు చూసిన విభాగానికి పెద్ద జాన్ కెన్నెత్ గాల్‌బ్రెయిత్. తర్వాత 1961లో మన దేశానికి అమెరికా రాయబారిగా వచ్చిన ఆర్థికవేత్త ఆయనే. ఆయన బృందం స్పీర్‌నే కూర్చోబెట్టి ప్రశ్నించింది, కాగితాలు తిరగేసింది. తేలింది ఏమిటంటే, బేరింగుల మీద దాడుల వల్ల జర్మనీ ముఖ్యమైన యుద్ధోత్పత్తికి కొలవదగ్గ నష్టమేమీ జరగలేదు. ఏ ట్యాంకూ బేరింగు లేక ఆగలేదు. ఆపకుండా కొట్టి ఉంటే మేం నిలబడేవాళ్లం కాదని స్పీర్ వాదించాడు. కొందరు చరిత్రకారులు ఆ మాట పట్టుకుంటారు. నాకు ఆ వాదన మీద గురి లేదు. ఓడిన మంత్రి గెలిచినవాళ్ల ముందు తన ప్రతిభను పెంచి చెప్పుకునే అవకాశం అందులో చాలా ఉంది. పైగా ఆపకుండా కొట్టడానికి కావలసిన విమానాలూ మనుషులూ 1943లో అమెరికా దగ్గర లేరు. ఆ సంగతి తెలిసీ పంపారు. సిద్ధాంతం చేసిన తప్పు ఇదే: పరిశ్రమను బిగుతైన యంత్రంగా చూసింది. పరిశ్రమలో దాచుకునే అలవాటు, అతుకులేసే నేర్పు, కొరడా కింద పనిచేసే కూలీ కూడా ఉంటాయని లెక్కలోకి తీసుకోలేదు.

ఊరు మళ్లీ లేచింది. 1946లో కూగెల్‌ఫిషర్ యంత్రాలను విప్పి నష్టపరిహారం కింద సోవియట్ యూనియన్‌కు ఓడలో పంపారు. మిగిలినవాటితో మళ్లీ మొదలుపెట్టారు. పదిహేను, ఇరవై ఏళ్లలో పాత స్థాయిని దాటారు. 1960లలో ఎఫ్ఏజీ బేరింగులు మన వడోదరలోనూ తయారవడం మొదలైంది. ఇప్పటికీ ష్వైన్‌ఫుర్ట్‌లో పెద్ద ఉద్యోగాలు చాలావరకు షెఫ్లర్, ఎస్‌కేఎఫ్, జడ్ఎఫ్ అనే కంపెనీల ఫ్యాక్టరీల్లోనే. అమెరికా సైన్యం మాత్రం గెలిచిన రోజు నుంచి 2014 దాకా ఆ ఊళ్లోనే ఉంది. మూడు తరాల పిల్లలు అమెరికన్ సైనికుల మధ్య పెరిగారు.

1998లో ఒక స్మారకం కట్టారు. ఆకాశంలో పోరాడి మిగిలిన అమెరికన్లూ, కింద ఫిరంగుల దగ్గర నిలబడ్డ ఒకనాటి బడిపిల్లలూ కలిసి దాన్ని ఆవిష్కరించారు. అప్పటికి చాలామందికి డెబ్భై ఏళ్లు దాటాయి. బలవంతపు కూలీల కోసం ఊళ్లో గుర్తు వెలవడానికి ఇంకా పదేళ్ల పైన పట్టింది. పైలట్లకు సంఘాలున్నాయి, డైరీలున్నాయి, సినిమాలున్నాయి. ఉక్రెయిన్ పల్లె నుంచి లాక్కొచ్చిన అమ్మాయికి అవేవీ లేవు. కూలిన ప్రతి విమానం నంబరు మనకు తెలుసు. కందకంలో పోయిన వాళ్లందరి పేర్లూ తెలియవు. ఈ తేడాకు యుద్ధం ఒక్కటే కారణం కాదు, తర్వాత రాయడానికి కూర్చున్నవాళ్లు కూడా కారణమే.

వచ్చే భాగం విశాఖపట్నం గురించి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. సింధియా నౌకా నిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన జరిగి అప్పటికి ఏడాది కూడా కాలేదు. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పరిగెత్తారు. ఆ రోజు ఓడరేవులో పనిచేసినవాళ్లు, ఊరు వదిలి వెళ్లినవాళ్లు మీ ఇంట్లో ఎవరైనా ఉండి, వాళ్లు చెప్పిన ముచ్చట్లు మీకు గుర్తుంటే, దయచేసి ఒక కాగితం మీద పెట్టి పత్రికకు పంపండి. పేరు, ఊరు, చేసిన పని తప్పకుండా రాయండి.

(సశేషం)